మరుపు టోపీ

నూకరత్నం నాలుక సంగతి ల్యాబులో అందరికీ తెలుసు. ఆఫీసులో ఎవరికీ తెలియదు, తెలియకూడదు కూడా. తొట్టి నుంచి వచ్చిన శాంపిల్ నీళ్ళలో వేలు ముంచి నాలుకకి తగిలించుకోవడం ఏ ల్యాబులోనూ ఒప్పుకునే పని కాదు. కానీ ఏం చేస్తుంది, చిన్నప్పటి అలవాటు. వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళు ఉప్పుమడుల్లో పనిచేశాడు. మడిలోకి నీళ్ళు ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తీసెయ్యాలో నాలుకతోనే తేల్చేవాడు. పక్కన నిలబెట్టుకుని కూతురికీ అదే నేర్పాడు. ఇప్పుడు ఉప్పు కొలవడానికి చేతిలో మీటరున్నా, రత్నం ముందు నాలుక మాట విని, తర్వాతే మీటరు మాట వింటుంది.

"ఇదిగో ఉప్పుమీటరూ, ఏదో రోజు కడుపు పట్టుకుని కూర్చుంటావు చూడు" అని సీనియర్ అనలిస్టు సత్తిరాజు గారు తిట్టేవారు. తిట్టేవారే గానీ పైవాళ్ళకి ఒక్కనాడూ చెప్పలేదు. ఆరేళ్ళ కిందట ఆమెకి ఈ ఉద్యోగం ఇప్పించిందీ, పైపెట్ పట్టుకోవడం నేర్పిందీ ఆయనే.

తూర్పుకెరటం హేచరీ కాకినాడకి ఉత్తరాన సముద్రపుటొడ్డున ఉంది. రొయ్యపిల్లల్ని పెంచి చెరువుల రైతులకి పంపడం అక్కడి పని. పిల్లలు బయటికి వెళ్ళే ముందు తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో ల్యాబులో పరీక్ష చేస్తారు. ఉంటే ఆ తొట్టి మొత్తం బ్లీచింగు పాలవుతుంది. లేదని కాగితం ఇస్తేనే వ్యాను కదులుతుంది. వ్యాను నడిపేది రత్నం మొగుడు వీరబాబు.

లోపలి ఊళ్ళ చెరువుల్లో నీళ్ళు చప్పగా ఉంటాయి. అందుకని అక్కడికి వెళ్ళే పిల్లల్ని వారం పది రోజులు కొద్దికొద్దిగా చప్పనీళ్ళకి అలవాటు చేస్తారు. ఏడో తొట్టి శనివారం వెళ్ళాలి కాబట్టి ఆ మంగళవారానికి దాని నీళ్ళలో ఉప్పు దాదాపు తగ్గిపోయి ఉండాలి. 'ఏడు' అని చీటీ అంటించిన సీసాలో రత్నం వేలు ముంచి నాలుకకి తగిలించుకుంది. సముద్రంలో మునిగి లేచినట్టుంది. మీటరూ అదే చెప్పింది. అంటే ఆ సీసాలో ఉన్నవి ఏడో తొట్టి నీళ్ళు కావు. ఆ సీసా పట్టింది సత్తిరాజు గారు.

పొరపాటేమో అనుకుంది. పొరపాటైతే బాగుండునని కూడా అనుకుంది. అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు తనే స్వయంగా ఏడో తొట్టిలోంచి శాంపిల్ తీసి మిషనులో పెట్టింది. తెల్లమచ్చ ఉంది. సాయంత్రానికి సత్తిరాజు గారి సంతకంతో ఏ తెగులూ లేదని కాగితం తయారైంది. రత్నానికి గుండెలో రాయి పడింది. ఆ పిల్లలు ఏ చెరువులో పడితే ఆ చెరువులో రొయ్యలన్నీ వారంలో చచ్చి తేలతాయి, అక్కడికి మోసుకెళ్ళేది తన మొగుడు.

చెబితే సత్తిరాజు గారి ఉద్యోగం పోతుంది. చెప్పింది తనేనని తెలిస్తే తనదీ వీరబాబుదీ కూడా పోవచ్చు. ఇద్దరూ ఒకే గేటులోంచి లోపలికొచ్చేవాళ్ళు. ఆ గేటు మూసుకుంటే ఇల్లంతా ఒకేసారి రోడ్డున పడుతుంది.

ఫిర్యాదు చెయ్యడానికి ఒక దారి ఉంది. దానికి ఊళ్ళో వాళ్ళు పెట్టిన పేరు మరుపు టోపీ.

అంతకుముందు అక్కడ ఫిర్యాదుల పెట్టె ఉండేది. ప్యాకింగు షెడ్డులో ఒక అమ్మాయి అందులో కాగితం వేస్తే, సాయంత్రం టీ టైముకి ఆమె పేరు గేటు బయట టీ బడ్డీలో కూడా వినపడింది. ఆ తర్వాత ఆ పెట్టెలో బిస్కెట్ రేపర్లు తప్ప ఏమీ పడలేదు. అప్పుడు హైదరాబాదు నుంచి ఫణీంద్ర అనే శాస్త్రవేత్త వచ్చాడు. వినేవాళ్ళే మర్చిపోతే రహస్యం ఎలా బయటపడుతుందన్నది ఆయన ఆలోచన. ఆయన చేసిన టోపీని ఎవరైనా ఒకరు ముందుగా పెట్టుకుని చూడాలంటే, హెచ్చార్ హైమవతి గారు చెయ్యెత్తింది.

హైమవతి గారంటే రత్నానికి మేడం కాదు, హైమక్క. ఆఫీసామె, ల్యాబామె ఒకే బల్ల దగ్గర క్యారేజీలు విప్పుకోవడం మిగతావాళ్ళకి వింతగా ఉండేది. ఐదేళ్ళుగా ఈమె కూర ఆమె, ఆమె పచ్చడి ఈమె తింటున్నారు. నాలుక సంగతి ఒక్కటే రత్నం ఆమె దగ్గర దాచింది. తెలిస్తే మెమో ఇవ్వాల్సి వస్తుంది, ఆమెని ఎందుకు ఇరుకున పెట్టడం అని.

బుధవారం పొద్దున రత్నం సముద్రం వైపు తలుపులోంచి ఫిర్యాదులు వినే గదిలోకి వెళ్ళి గంట నొక్కింది. రెండో తలుపులోంచి హైమవతి వచ్చింది. నెత్తిన ఈతగాళ్ళు పెట్టుకునే లాంటి బిగుతు టోపీ, దానికి రూపాయి బిళ్ళలంత రేకులు, వెనక సన్నటి తీగ. రత్నాన్ని చూసి ఒక్క క్షణం ఆగిపోయింది.

"నువ్వా?" అంది. వెంటనే కుర్చీ దగ్గరికి లాక్కుని, "సరే, కూర్చో. ఏదైనా సరే చెప్పు. ఇది నాలో ఉండదు" అంది.

అదెలా అని రత్నం అడిగితే హైమవతి తన పద్ధతిలో చెప్పింది. పాలు తోడుకోవడానికి కొంత టైము పడుతుంది. ఆ లోపు గిన్నె కదుపుతూ ఉంటే పెరుగవ్వదు. జ్ఞాపకం కూడా అలా నిదానంగా గట్టిపడేదే. ఈ గదిలో కూర్చున్న కాసేపూ బుర్రలో కొత్త జ్ఞాపకం ఎక్కడెక్కడ పడుతోందో టోపీ చూసుకుంటుంది. నువ్వెళ్ళాక పది నిమిషాలు గుయ్యిమంటూ దాన్ని కదిపేస్తుంది. ఎవరొచ్చారో, ఏం మాట్లాడుకున్నామో అంతా పోతుంది. చేతిలో పేరు లేని కాగితం ఒక్కటి మిగులుతుంది.

రత్నం అంతా చెప్పింది. నాలుక సంగతి కూడా. హైమవతికి నవ్వాగలేదు, తర్వాత నవ్వు పోయింది. సీసా మారిందనడానికి మొదటి ఆధారం అదే, పైగా చెప్పింది చెప్పినట్టే రాయాలని రూలు కాబట్టి రాయక తప్పదు. రాసి, ఎర్ర పెన్నుతో ఆ వాక్యం కింద గీత గీసింది.

"ఈ ముక్క నిన్ను పట్టిచ్చేస్తుంది. సత్తిరాజు గారికి చదివి వినిపించాల్సిన రూలుంది కదా, అప్పుడు దీన్ని దాటేస్తాను."

హైమవతి రత్నం చేతులు రెండూ పట్టుకుని, ఎప్పుడూ ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పింది. ఇరవై రెండేళ్ళప్పుడు ఆమె ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చేరింది. సూపర్వైజరు చెయ్యేస్తున్నాడని అక్కడి పెద్దాయనకి చెప్పుకుంది. నా దగ్గరే ఉంటుందమ్మా అన్నాడాయన. సాయంత్రానికి క్యాంటీన్ గోడ మీద సుద్దముక్కతో ఆమె పేరు, దాని పక్కన ఒక పాడు మాట. వారం తిరక్కుండా మానేసింది. ఇంట్లో మాత్రం ఒంట్లో బాగోక మానేశానని చెప్పింది. పెళ్ళయ్యాక మొగుడికి కూడా అదే చెప్పింది.

"అందుకే ఈ టోపీ పెట్టుకున్నానే. మనుషుల నోటి మీద నాకు నమ్మకం పోయి ఇరవై ఏళ్ళయింది. నీకేం కాదు. నేనున్నాను" అంది.

మర్నాడు భోజనాల దగ్గర హైమవతి రత్నం క్యారేజీలోకి తొంగిచూసి, చింతచిగురు పప్పా, నాకు సగం అంది. వీరబాబు దగ్గు తగ్గిందా అంది. మొహం అలా ఉందేంటే, నిద్ర లేదా అంది. కళ్ళలో వెతికినా ఏమీ లేదు. రత్నానికి ప్రాణం కుదుటపడింది. నిన్న తన చేతులు పట్టుకున్న మనిషి ఇక లేదన్న దిగులూ అప్పుడే పుట్టింది. నేనున్నానన్న మాట ఒక్క రత్నం దగ్గరే మిగిలింది. ఇచ్చినావిడకి ఇచ్చినట్టే తెలియదు.

శుక్రవారం పొద్దున విచారణ. మేనేజరు భాస్కరవర్మ గారి గదిలో సత్తిరాజు గారు, సాక్షులుగా ల్యాబువాళ్ళు ఐదుగురు, అందులో రత్నం. హైమవతి కాగితం తీసి నిదానంగా చదవడం మొదలుపెట్టింది. తారీఖులు, తొట్టి నంబర్లు, సీసాలు. ఎర్ర గీత దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకుంది. కాగితంలో గీత గీసి ఉన్నది ఆ ఒక్క వాక్యం కిందే. ముఖ్యమైనది కాబట్టే గీసి ఉంటాననుకుని, ఒక్కో మాటా ఒత్తి చదివింది.

"ఏడో తొట్టి సీసాలో నీళ్ళు నాలుకకి తగిలించి చూస్తే సముద్రమంత ఉప్పగా ఉన్నాయి."

ఐదు తలలు ఒకేసారి రత్నం వైపు తిరిగాయి, సత్తిరాజు గారిది అందరికంటే నెమ్మదిగా. హైమవతి ఒక్కతే ఏం జరిగిందో తెలియక కాగితం వంకా మనుషుల వంకా చూసింది. తెలిసొచ్చేసరికి ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. రత్నం చూపు ఆ గీత మీదే ఉండిపోయింది. దాటెయ్యడానికి గీసిన గీత. ఎందుకు గీసిందో కూడా ఆ పది నిమిషాల్లోనే కొట్టుకుపోతుందని గీసిన రోజు ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

శాంపిల్ బయటి ల్యాబుకి వెళ్ళింది. శనివారం మధ్యాహ్నానికి జవాబొచ్చింది, తెల్లమచ్చ. ఏడో తొట్టిలో బ్లీచింగు పోశారు. వ్యాను కదల్లేదు, ఏ చెరువూ చావలేదు. సత్తిరాజు గారిని విచారణ తేలేదాకా పనిలోంచి పక్కన పెట్టారు. రత్నాన్ని ఎవరూ ఏమీ అనలేదు. ఆమె వస్తే మాటలు ఆపేవాళ్ళు, అంతే. ఆరేళ్ళు తిండి పెట్టిన చేతిని కరిచిందని ప్యాకింగు షెడ్డులో అనుకున్నారట. ఆ మాట వీరబాబు చెవిన పడింది.

వీరబాబు కోపం వేరే. ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండా అడిగాడు.

"వ్యాను తోలేది నేను. నాకెందుకు చెప్పలేదు?"

ఆ గదిలోకి వెళ్ళినవాళ్ళు బయట ఎవరికీ చెప్పకూడదని రూలుందని రత్నం చెప్పింది. అతను చెప్పులు విప్పాడు. తర్వాత లోపలికొచ్చి అన్నం పెట్టుకున్నాడు, ఆమెకీ పెట్టాడు. ఆ పిల్లల్ని తను పోసొచ్చి ఉంటే ఆ రైతు మొహం మళ్ళీ చూసేవాణ్ణి కాదని, నువ్వు మంచి పనే చేశావని, ఇకనుంచి మాత్రం ఇలాంటి బరువు ఒక్కదానివే ఎత్తకని కంచంలోకి చూస్తూ చెప్పాడు. రత్నం అప్పటిదాకా ఏడవలేదు, అప్పుడు ఏడ్చింది.

వారం తర్వాత ఫణీంద్ర వచ్చాడు. పాపం ఆయన మంచివాడే. యంత్రంలో ఏ లోపమూ లేదని, హైమవతి గారి బుర్రలోంచి పేరు వీసమంత కూడా బయటికి రాలేదని మీటింగు హాల్లో అందరి ముందూ లెక్కలు చూపించాడు. ఇంకో మార్పు చేస్తే కాగితం విన్నవాళ్ళు కూడా మర్చిపోయేలా చెయ్యొచ్చు, అందరికీ తలా ఒక టోపీ చాలన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. హైమవతి లేచి నిలబడింది.

"నాలోంచి పేరు బయటికి రాలేదండి, నిజమే. కానీ దాచాలంటే ఏం దాచాలో తెలిసుండాలి కదండీ. నాకు తెలిసుంటే ఆ వాక్యం చదివేదాన్ని కాదు. ఆ పిల్ల ఎదురుగా కూర్చుని ఉంటే, ఎవరో అనుకుని చదివాను."

ఫణీంద్ర తన లెక్కల కాగితం కాసేపు అటూ ఇటూ తిప్పాడు. ఈ సంగతి కొలిచే అంకె అందులో లేదని ఆయనే ఒప్పుకుని, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళాడు.

ఆ తర్వాత హైమవతి భోజనానికి రావడం మానేసింది. మొహం చెల్లకే అని రత్నానికి తెలుసు. ఎదురుపడితే తలొంచుకుని పోయేది. రత్నం ఒక్కతే బల్ల దగ్గర కూర్చుని పచ్చడి లేకుండా తినేది. ల్యాబులో మాత్రం ఒక్కొక్కరే మెత్తబడ్డారు. పక్క మిషను దగ్గర పనిచేసే భ్రమరాంబ ఒక రోజు గ్లవ్సు తొడుక్కుంటూ, మూడో తొట్టి సీసా విషయంలో తనకీ పోయినేడాది అనుమానమొచ్చిందని, నోరు రాలేదని చెప్పి తలొంచుకుంది. రత్నం ఆమెని ఏమీ అనలేదు. భయం ఎలా ఉంటుందో తనకి తెలుసు.

మూడో ఆదివారం పొద్దున్నే సత్తిరాజు గారు ఇంటికొచ్చారు. వీరబాబు కుర్చీ వేసినా కూర్చోలేదు. గడ్డం పెరిగిపోయి ఉంది. తిట్టడానికొచ్చారేమోనని రత్నం తలుపు పట్టుకుని నిలబడింది.

"ఆ నాలుక మానమని ఎన్నిసార్లు తిట్టానో. మానకపోవడమే మంచిదైంది" అన్నారాయన. చంకలోని సంచిలోంచి కవరు తీశారు. "సీసాలు మార్చింది నేనే. తప్పు నాదే, కాదనను. మార్చమని చెప్పింది వర్మగారు. ఏ తొట్టిని ఎప్పుడు పరీక్ష దాటించాలో ఆయన చేత్తో రాసిచ్చిన చీటీలివి, రెండేళ్ళవి. ఇన్నాళ్ళూ ఎవరికివ్వాలో తెలియలేదు. నువ్వైతే ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్తావు."

ఎందుకు నన్ను నమ్ముతున్నారని రత్నం అడిగింది. ఏడో తొట్టి సంగతి తెలిశాక నువ్వు టీ బడ్డీకి వెళ్ళలేదు, ఆ గదికి వెళ్ళావు అన్నారాయన. ఆయన సందు మలుపు తిరిగేదాకా వీరబాబు చూస్తూ నిలబడ్డాడు. లోపలికొచ్చి, ఈసారి ఇద్దరం ఎత్తుదాం అన్నాడు.

సోమవారం పొద్దున రత్నం సముద్రం వైపు తలుపు తీసుకుని లోపలికెళ్ళింది. గంట నొక్కబోయి ఆగింది. కవరులో ఉన్నది మేనేజరు పేరు. ఒకసారి ఇదే గది తనని నలుగురిలో నిలబెట్టింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోతే ఎవరికీ తెలియదు. కవరు పొయ్యిలో పెడితే అసలే తెలియదు. ఎనిమిదో తొట్టి కూడా రేపోమాపో వెళ్ళాలన్న సంగతి గుర్తొచ్చి గంట నొక్కింది.

హైమవతి వచ్చింది. చేతిలో టోపీ. రత్నాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. చాలా రోజుల తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నా దగ్గరికే వచ్చావా?" అంది. "నిన్ను నలుగురిలో పడేశాను. ఆ రోజు ఇక్కడ నీకేం మాటిచ్చానో కూడా నాకు తెలియదు. ఏమన్నాను?"

"నేనున్నానన్నారు."

హైమవతి కుర్చీలో కూలబడింది. ఇంకేమైనా చెప్పానా అని అడిగింది. రత్నం మెల్లగా, గార్మెంట్స్ ఫ్యాక్టరీ సంగతి చెప్పారంది. క్యాంటీన్ గోడ, సుద్దముక్క, ఇంట్లో చెప్పిన ఒంట్లో బాగోని అబద్ధం.

హైమవతి మొహం తెల్లబోయింది. ఇరవై ఏళ్ళ పాటు ఒక్కరికీ చెప్పని మాట, ఎదుటి మనిషి నోటి వెంట వినడం ఆమెకి అదే మొదటిసారి.

"ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదక్కా."

"నేను నిన్ను అందరి ముందూ బయట పెట్టిన రోజు కూడా?"

"ఆ రోజు కూడా."

"వీరబాబుకి?"

"ఆయనకి నా సంగతి చెప్పాను. మీ సంగతి నాది కాదు కదా."

హైమవతి చేతిలోని టోపీని చూసింది, రత్నాన్ని చూసింది. "టోపీ లేకుండానే" అంది, తనలో తను అనుకున్నట్టు. కళ్ళు తుడుచుకుంది. నలభై ఐదేళ్ళ మనిషి, ఎనిమిదేళ్ళుగా ఆ ఆఫీసులో ఎవరి ముందూ కంటతడి పెట్టని మనిషి, కొంగుతో మొహం రుద్దుకుని ముక్కు చీదుకుని పెన్ను తీసింది.

రత్నం కవరు బల్ల మీద పెట్టి, ఇది వర్మగారి గురించి, దీని వల్ల మీ ఉద్యోగానికి కూడా ముప్పు రావచ్చు, తెరిచే ముందు ఆలోచించుకోండి అంది. హైమవతి ఒక్క క్షణమే ఆగింది. కాగితం సర్దుకుంది. తర్వాత అలవాటు కొద్దీ, ఇన్నాళ్ళ రూలు కొద్దీ, టోపీ రెండు చేతులా పట్టుకుని నెత్తి దాకా ఎత్తింది.

రత్నం లేచి వెళ్ళి ఆమె చేతులు పట్టుకుంది.

"అది వద్దక్కా. ఈసారి గుర్తుపెట్టుకోండి."